సర్వరుగారి చిట్టా

మా కాలేజీ ప్రవేశాల సంఘంలో నన్ను వేశారు. తెలుగు మాస్టారికి కంప్యూటరుతో పనేమిటంటారా? నేనూ అదే అన్నాను. విన్నవారు లేరు.

కిందటి యేడు గడువు దాటిన మర్నాడు ఒక తండ్రి వచ్చాడు. "నిన్న మధ్యాహ్నం మా అమ్మాయి దరఖాస్తు పంపిందండీ. డబ్బు కూడా కట్టాం. రసీదు రాలేదు" అన్నాడు. జాబితాలో పిల్ల పేరు లేదు. కంప్యూటర్లు చూసే కుర్రవాణ్ణి పిలిచి లాగ్ తీయమన్నాను. లాగ్ అంటే మరేం కాదు, షావుకార్లు రాసుకునే చిట్టా వంటిదే. యే క్షణాన యేం జరిగిందో టామ్‌క్యాట్ అనే ఆ జావా సర్వరు తనంత తానే రాసుకుంటుంది.

తీసి చూస్తే నిన్నటి మధ్యాహ్నం తాలూకు ఒక్క అక్షరం లేదు!

చిట్టాలో యెంత రాయాలో చెప్పడానికి యేడు మెట్లున్నవి. పైమెట్టు సివియర్, కొంప మునిగితేనే పలకమని. తరువాత వార్నింగ్, ఇన్ఫో, కాన్ఫిగ్, ఫైన్, ఫైనర్, అట్టడుగున ఫైనెస్ట్. ఫైనెస్ట్ అంటే శ్రేష్ఠమని భ్రమపడేరు! యిక్కడ సన్నమని అర్థం. తుమ్మినా దగ్గినా రాయవలసిందే. వేసవిలో యేదో తప్పు వెదకడానికి యెవరో ఆ మెట్టు మీద పెట్టి, పనయ్యాక మరచిపోయారు. పైగా 'కాటలీనా.అవుట్' అనే ఫైలు తేదీ మారినా కొత్త పుటకు పోదు. మనం యేర్పాటు చెయ్యకపోతే అలా పెరుగుతూనే వుంటుంది. చివరికి డిస్కు నిండింది. చిట్టాకూ చోటు లేదు, దరఖాస్తుకూ చోటు లేదు.

"మన రికార్డులో లేదు కదండీ" అన్నారు సంఘంలో ఒకరు.

"మన రికార్డే లేదండీ" అన్నాను.

ఆ తండ్రి ఫోనులో బ్యాంకువారి మెసేజీ వున్నది, వేళతో సహా. అది చూసి దరఖాస్తు పుచ్చుకున్నాం. అది లేకపోతే యేమయ్యేదో!

సాయంత్రం కుర్రవాడు 'లాగింగ్.ప్రాపర్టీస్' తెరిచి మెట్టును ఇన్ఫోకు మార్చాడు. ఒకే మాటను రెండోచోట కూడా రాసే కన్సోల్ హ్యాండ్లర్‌ను తీసేశాడు. తేదీవారీ ఫైళ్లు 90 రోజులకు వాటంతటవే తొలగేటట్టు పెట్టాడు. అంతా పది నిమిషాల పని. పాత ఫైలు చెరపబోతూ ఆగి, నన్ను పిలిచి చూపించాడు. అందులో పిల్లల పాస్‌వర్డులు వరసగా, చదవడానికి వీలుగా వున్నవి. యిద్దరం కాసేపు మాట్లాడలేదు. ఆ రాత్రే అందరిచేతా మార్పించాం.

ఆ అమ్మాయికి సీటు వచ్చింది. యిప్పుడు నా క్లాసులోనే, మొదటి బెంచీ. నా దగ్గుతో సహా నోట్సు రాసుకుంటుందని తక్కిన పిల్లల ఫిర్యాదు.