దొంగచాటు చిత్రాలు

బిలాస్‌పూర్ స్టేషనులో కెమెరాతో తిరిగే యువకులు ఒక సిద్ధాంతం వల్లిస్తుంటారు. ముందుగా ఆలోచించి, అడిగి, నిలబెట్టి తీసినది ఫొటోయే కాదట. అనుకోకుండా చిక్కినదే ఫొటో అట. ఇటుక బట్టీల పనికి పిల్లాపాపలతో వలసపోతూ, ప్లాట్‌ఫారం మీద మూటపై తల వాల్చి నిద్రించే కూలితల్లి ఈ సిద్ధాంతానికి తొలి ఆహుతి. ఆమెను లేపి అడిగితే సహజత్వం చెడిపోతుందని వీరి భయం. ఆమె కొంగు సర్దుకుని, "వద్దు బాబూ" అంటుందేమోనన్న భయం కూడా దానివెనుక దాగి ఉన్నది కాబోలు.

వీరికి ప్రమాణగ్రంథం 1952లో వెలువడిన హెన్రీ కార్టియర్ బ్రెసన్ పుస్తకం. దాని ఇంగ్లీషు పేరును తెలుగు చేస్తే 'నిర్ణాయక క్షణం' అవుతుంది. ఎంత గంభీరమైన మాట! కాని ఫ్రెంచిలో దాని పేరు అది కాదు. 'ఇమాజ్ ఆ లా సోవెత్'. అనుమతి లేకుండా వీధిలో సరుకు పరచి, పోలీసు కనబడగానే మూటకట్టి పరుగెత్తే చిల్లర వర్తకుని అమ్మకానికి ఫ్రెంచివారు వాడే నుడికారమిది. 'దొంగచాటు చిత్రాలు' అంటే మూలానికి దగ్గరగా ఉంటుంది. పీఠిక తలపై ఉంచిన కార్డినల్ ద రెట్జ్ వాక్యంలోని మాట ఇంగ్లీషు అట్టమీదికెక్కి, పరుగుబేరాన్ని తత్త్వంగా మార్చివేసింది. అనువాదకులు సిగ్గుపడవలసిన ఘనకార్యాలలో ఇదొకటి.

బ్రెసన్ సామాన్యుడని కాదు. 1932లో పారిస్‌లోని సాన్ లజార్ స్టేషను వెనుక నీటిమడుగు దాటబోయిన మనిషి మడమ నీటిని తాకీ తాకకముందు ఆయన పట్టిన చిత్రం అద్భుతమైనదే. అయితే అది కంచెపలకల సందులోనుండి తీసినది. పలక అడ్డువచ్చిన మేర తరువాత కత్తిరించవలసివచ్చింది. ఆ కత్తిరింపు ఏ క్షణానికి చెందినది?

ఏర్పాటుతో తీసినవన్నీ గొప్పవని ఎవరనగలరు? పూలదండలతో బిగుసుకు కూర్చున్న వీడ్కోలుసభల వరుసలను చూస్తే ఆవులింత రాకమానదు. కాని లాలా దీన్‌దయాళ్‌ను తలచుకోవాలి. 1892లో ఆయన హైదరాబాదులో పరదా స్త్రీలకోసం ప్రత్యేకంగా జనానా స్టూడియో తెరచి, దానిని ఒక ఆంగ్లవనితకు అప్పగించాడు. ఎవరు చూడాలి, ఎవరు చూడరాదు అన్నది కెమెరా తెరవకముందే ఆలోచించిన ఏర్పాటది. అక్కడికి వచ్చిన స్త్రీ తాను ఎట్లా కనబడాలో తానే నిర్ణయించుకుని కూర్చున్నది. బెంగాల్ నాగపూర్ రైల్వే కాలంనుండి బిలాస్‌పూరులో స్థిరపడిన తెలుగు కుటుంబాల ఇళ్లలో గోడకు వేలాడే స్టూడియో ఫొటోలూ అట్టివే. ఇస్త్రీ చేసిన యూనిఫాం తొడుక్కుని నిలుచున్న తండ్రిది కృత్రిమత్వమనేవారు, ఆయన ముఖంకంటె తమ వేలి చురుకునే ఎక్కువగా ప్రేమిస్తున్నారు.

ఇదే స్టేషనులో రైలు మారడానికి ఆగినవారి కథను రవీంద్రుడు 'పలాతక' (1918) సంపుటిలోని 'ఫాంకి' కవితలో చెప్పాడు. రైల్వేవారు దానిని స్టేషనులో ప్రదర్శించారు కూడా. కూలివాని భార్య రుక్మిణి కూతురి పెళ్లికి ఇరవైఐదు రూపాయలు కావాలి. ఇమ్మని జబ్బుతో ఉన్న భార్య కోరితే, భర్త రుక్మిణిని బెదిరించి రెండు రూపాయలు చేతిలో పెట్టి పంపాడు. అంతా ఇచ్చానని భార్యతో అబద్ధమాడాడు. ఆమె మరణించిన తరువాత అతడు మళ్లీ బిలాస్‌పూరులో దిగి, ఋణం తీర్చుకోవడానికి రుక్మిణికోసం అడిగాడు. ఆ పేరే అక్కడివారికి గుర్తు రాలేదు.