శంకుస్థాపన తరువాత

కేంద్ర ప్రభుత్వ భవనాలను నిర్మించి నిర్వహించే కేంద్ర ప్రజాపనుల శాఖ 1854లో, డల్హౌసీ పాలనాకాలంలో ఏర్పడింది. ఇతర శాఖలు, స్వయంప్రతిపత్తి గల సంస్థలు సొమ్ము జమచేస్తే ‘డిపాజిట్ వర్క్’ పేరిట వాటి కట్టడాలనూ అది చేపడుతుంది. స్థలాన్ని వివాదరహితంగా అప్పగించవలసిన బాధ్యత మాత్రం ఆ సంస్థలదే. హద్దులు తేలనిచోట నిధులున్నా పునాది పడదు.

మన పేటకు వసతి గృహమో పాఠశాలో మంజూరైతే శంకుస్థాపనకు పూలదండలతో వెళ్తాము; ఆ తరువాత అటు తొంగిచూడము. ఈ అలవాటు చేటని మా అభిప్రాయం. కట్టేది కేంద్ర శాఖైనా, రాష్ట్ర శాఖైనా అంచనా పత్రం, ఒప్పందం, కొలతల పుస్తకం ప్రజలు అడగదగినవే. 2005 నాటి సమాచార హక్కు చట్టం, సెక్షన్ 2(జె), పనిని స్వయంగా తనిఖీ చేసే హక్కును, సామగ్రి నమూనాలను ధ్రువీకరణతో పొందే హక్కును కూడా పౌరునికి ఇచ్చింది. కేంద్ర శాఖకు దరఖాస్తు రుసుము 10 రూపాయలే. కొలతల పుస్తకానికెక్కిన పనికే బిల్లు చెల్లుతుందని గుమాస్తాగిరీ చేసిన మావంటివారికి తెలుసు. కనుక ముందుగా దానినే అడగండి. 30 రోజుల్లో జవాబు రాకుంటే మొదటి అప్పీలు వేయండి. బాలికల వసతి గృహమైతే, అంచనాలో చూపిన మరుగుదొడ్లు, ప్రహరీగోడ అక్కడ నిజంగా ఉన్నాయో లేదో తల్లులే వెళ్లి చూడాలి.