పక్షవాతం తర్వాతి దిగులు రక్తపరీక్షకు అందుతుందా?

పక్షవాతంతో మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైనవారికి ఆంధ్రప్రదేశ్‌లో 2024 జులై నుంచి నెలకు 15 వేల రూపాయల పింఛను ఇస్తున్నారు. ముమ్మిడివరం లాంటి చోట ఆ కుటుంబాలకు అది పెద్ద ఆసరా. పడిపోయిన కాలూ చెయ్యీ అందరికీ కనిపిస్తాయి. ఆ మంచంమీది పెద్దాయన కంచం పక్కకు నెట్టి, గోడవైపు తిరిగి పడుకుంటే మాత్రం ఇంట్లోవాళ్లు మొండితనం అంటారు, చుట్టాలు వయసు అంటారు. వ్యాయామం చేయించడానికి వచ్చినవాళ్లు సహకరించడం లేదని వెళ్లిపోతారు.

పక్షవాతం నుంచి బయటపడినవారిలో దాదాపు ముగ్గురిలో ఒకరు ఎప్పుడో ఒకప్పుడు కుంగుబాటుకు లోనవుతారు. కుంగినవారు కోలుకోవడం ఆలస్యమవుతుంది, మరణ ముప్పూ పెరుగుతుంది. అయినా గుర్తించడం కష్టం. నిద్ర పట్టకపోవడం, ఆకలి మందగించడం, నీరసం... ఇవి పక్షవాతానివో కుంగుబాటువో తేల్చేదెలా? మెదడు ఎడమవైపు దెబ్బతిని మాట పోయినవారినైతే ప్రశ్న అడిగినా జవాబు రాదు. రక్తంలో ఆనవాలు కోసం వెతుకులాట అందుకే.

ఈ ఆశ కొత్తది కాదు. రాత్రి డెక్సామెథసోన్ మాత్ర ఇచ్చి మర్నాడు రక్తంలో ఒత్తిడి హార్మోన్ కార్టిసాల్ తగ్గిందో లేదో చూసే పరీక్షను మానసిక వైద్యుడు బెర్నార్డ్ కారోల్ బృందం 1981లో ముందుకు తెచ్చింది. తీవ్రంగా కుంగినవారిలో చాలామందికి అది తగ్గలేదు. మతిమరుపు జబ్బున్నవారిలో, బరువు బాగా తగ్గినవారిలోనూ అదే ఫలితం రావడంతో ఆ పరీక్ష నిలవలేదు. ఇప్పుడు చూపు సీఆర్‌పీ, ఇంటర్‌ల్యూకిన్-6 వంటి వాపు సూచికల మీద, నరకణాలకు ఊతమిచ్చే బీడీఎన్‌ఎఫ్ మీద ఉంది. చిక్కు పాతదే. సీఆర్‌పీ పక్షవాతానికీ పెరుగుతుంది, పుండు పడినా పెరుగుతుంది, మూత్రంలో ఇన్‌ఫెక్షన్ వచ్చినా పెరుగుతుంది. మంచాన పడ్డ వృద్ధుడికి ఈ మూడూ ఉండొచ్చు.

పోనీ, అందరికీ ముందే మందు ఇచ్చేస్తే? బ్రిటన్‌లో 3,127 మంది పక్షవాత రోగులపై జరిపిన ఫోకస్ అధ్యయనం 2018లో వెలువడింది. ఆరు నెలలు ఫ్లూయోక్సెటిన్ వాడినవారిలో కొత్తగా కుంగుబాటు రావడం తగ్గింది గాని కాలూచేతుల పనితనం మెరుగుపడలేదు, పైగా ఎముకలు విరగడం పెరిగింది. అసలే నడక తూలే మనిషికి తుంటి విరిగితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. మందు ఎవరికి అవసరమో తేల్చే ఆనవాలు దొరికితే దాని విలువ ఇక్కడే.

మన దేశంలో 45 ఏళ్లు దాటినవారు, వారి జీవిత భాగస్వాములు కలిపి 72 వేలమందికి పైగా వివరాలు సేకరించిన లాసీ సర్వే కుంగుబాటు గురించి అడిగింది, వేలికొన రక్తపు చుక్కలూ తీసుకుంది. తెలుగు రాష్ట్రాలూ అందులో ఉన్నాయి. అదే బాటలో పక్షవాతం వచ్చినవారిని ఏళ్ల తరబడి వెన్నంటి చూసే అధ్యయనాలు ఇక్కడా జరగాలి. పాశ్చాత్యుల రక్తంలో తేలిన అంకెల్ని మన పెద్దలకు యథాతథంగా అంటగట్టలేం.

పక్షవాతం తర్వాతి కుంగుబాటును తేల్చే రక్తపరీక్ష ఇవాళ ఏ ల్యాబ్‌లోనూ లేదు. ఉందని ఎవరైనా ప్యాకేజీ అమ్మజూపితే డబ్బు దండగ. మాట రానివారి విషయంలో ఇంట్లోవాళ్లు గమనించిందే ఆధారం: ఊరికే ఏడుస్తున్నారా, కళ్లలోకి చూడటం మానేశారా, మనవలు వచ్చినా పట్టనట్టు ఉంటున్నారా? రెండు వారాలు ఇలాగే సాగితే బీపీ మాత్రల కోసం వెళ్లినప్పుడే ఆ సంగతి డాక్టరుకు చెప్పండి. అంతదూరం వెళ్లలేకపోతే మానసిక ఆరోగ్య సహాయవాణి టెలిమానస్ 14416కు ఉచితంగా ఫోన్ చేయండి, తెలుగులోనే మాట్లాడతారు.