లాగగలదా అని కాదు, మోయగలదా అని అడగండి



నేను చదివింది తమిళ మీడియం. తెలుగు రాయడం రిటైరైన తరువాత నేర్చుకున్నాను. తప్పులుంటే మన్నించండి. కానీ ఈ విషయంలో ఊరుకోలేను.

పోయిన వారం మన గ్రూపులో ఒక సభ్యుడు, టెక్సాస్‌లో ఉండే కొడుకు కొన్న పికప్ ట్రక్కు ఫోటో పెట్టినారు. చాలా సంతోషం. వేసవిలో అక్కడికి పోయినప్పుడు దాని వెనక క్యాంపర్ ట్రైలరు కట్టుకొని కుటుంబమంతా తిరుగుతామని కూడా రాసినారు. ఆ ఫోటో కింద మొదలైంది రగడ. "హాఫ్ టన్ బండి చాలు, పెద్దది డబ్బు దండగ" అని ఒక వర్గం. "కొంటే హెవీ డ్యూటీయే కొనాల, లేకపోతే ఏమి గౌరవం" అని ఇంకో వర్గం. రెండు రోజులు వాదించినారు. ఆ బండి తలుపు దగ్గర అంటించిన స్టిక్కరులో ఏమి రాసివుందని ఒక్కరూ అడగలేదు.

గూడ్స్ షెడ్డులో బరువు లెక్కలు రాసి రిటైరైన మనిషిని నేను. నాకు ఆ స్టిక్కరు తప్ప వేరే ఏదీ కనబడలేదు.

ముందు పేర్ల సంగతి. ఫోర్డ్ ఎఫ్-150, షెవర్లే సిల్వరాడో 1500, రామ్ 1500, వీటిని హాఫ్ టన్ అంటారు. ఎఫ్-250, 2500 రకాలు త్రీ క్వార్టర్ టన్. ఎఫ్-350, 3500 రకాలు వన్ టన్. ఈ చివరి రెండింటినీ కలిపి హెవీ డ్యూటీ అంటారు. అమెరికా టన్ను 2,000 పౌండ్లు, అంటే 907 కిలోలు. పాత రోజుల్లో అర టన్ను మోసేది హాఫ్ టన్ బండి. ఇప్పుడు అవి అంతకన్నా జాస్తి మోస్తాయి, పేరు మాత్రం పాతదే నిలిచింది. కాబట్టి పేరు చూసి ఏ లెక్కా వేయకూడదు.

ఇక ప్రకటనల్లో పెద్ద అక్షరాలతో కనబడేది లాగే బరువు. 11,000 పౌండ్లు, 12,000 పౌండ్లు అని. అది అబద్ధం కాదు. జే2807 అని ఒక పరీక్షా పద్ధతి ఉంది, ఆరిజోనాలో డేవిస్ డ్యామ్ దగ్గరి ఎత్తు రోడ్డును కొలతగా పెట్టుకొని బండ్ల సత్తా తేలుస్తారు. కానీ ఆ లెక్కలో బండిలో కూర్చునేది ఇద్దరే. ఒక్కొక్కరు 150 పౌండ్లు, అంటే 68 కిలోలు. పిల్లలు లేరు, వేసవికి వచ్చిన అమ్మానాన్నలు లేరు, బియ్యం బస్తా లేదు. మన ఇళ్ళలో ఇద్దరే ఎప్పుడు బయలుదేరినారు?

మోసే బరువు వేరు. దాన్ని పేలోడ్ అంటారు. డ్రైవరు తలుపు తెరిస్తే పక్కన అంటించి ఉంటుంది: మనుషులూ సామానూ కలిపి ఇన్ని పౌండ్లు దాటకూడదు అని. ట్రైలరు ముందు భాగం హిచ్ మీద నొక్కే బరువు కూడా ఇందులోకే వస్తుంది. చాలామంది మరిచిపోయేది ఇదే. ట్రైలరుకు తన చక్రాలు ఉన్నాయి కదా, తన బరువు తానే మోసుకుంటుందని అనుకుంటారు.

మన తాతల బండి గుర్తు తెచ్చుకోండి. పత్తి బస్తాలు వెనక్కు జాస్తి వేస్తే నొగలు పైకి లేచేవి. ముందుకు జాస్తి వేస్తే కాడి ఎద్దుల మెడల మీద పడి అవి నడవలేకపోయేవి. అందుకే కొంచెం ముందు బరువు ఉండేటట్టు సర్ది వేసేవాళ్ళు. క్యాంపర్ ట్రైలరుకూ అదే న్యాయం. దాని మొత్తం బరువులో 10 నుంచి 15 శాతం హిచ్ మీద పడాల. తక్కువైతే ట్రైలరు తోక ఊపుతుంది. ట్రక్కు మోయలేనంత పడితే ట్రక్కు వెనక భాగం కుంగుతుంది, ముందు చక్రాలు తేలికవుతాయి, స్టీరింగు పట్టు తగ్గుతుంది. ట్రక్కు బెడ్డు మధ్యలో తగిలించే ఫిఫ్త్ వీల్ రకానికి ఇంకా జాస్తి, సుమారు అయిదో వంతు బరువు ట్రక్కు మీదనే కూర్చుంటుంది.

ఇప్పుడు నా ఇంటి కథ చెప్తాను. సిగ్గుపడుతూనే చెప్తాను.

మా అల్లుడు ట్రక్కు కొనే ముందు వీడియో కాల్‌లో అడిగినాడు, "మామయ్యా, హాఫ్ టన్ తీసుకుందామా, పెద్దది తీసుకుందామా?" అని. అతనికి పెద్దదాని మీదనే కొంచెం మొగ్గు. నేను ఏమన్నాను? "ఇంటి లోను నెత్తిన ఉండగా పెద్ద బండి ఎందుకప్పా? దండగ. ఇదే చాలు" అన్నాను. షోరూము మనిషి కూడా 11,000 పౌండ్లు లాగుతుంది, మీ ట్రైలరు 7,000 దాటదు, ఇంకా 4,000 మిగులే అన్నాడంట. పెద్దాయన మాట, అమ్మేవాడి మాట ఒకటైతే ఆ పిల్లవాడు ఏమి చేస్తాడు?

మేమిద్దరమూ పోయిన వేసవిలో, ఆరుగురమూ కలిసి పాలో డ్యూరో కాన్యన్ చూడడానికి బయలుదేరినాము. ఫోర్ట్ వర్త్ నుంచి అమరిల్లో పోయే 287 రోడ్డు. విచిటా ఫాల్స్ దాటినాక నేలంతా బయలు, అడ్డగాలి. ఒక పెద్ద లారీ మమ్మల్ని దాటుకొని పోయింది. ముందు గాలి తోపు, వెంటనే గాలి లాగుడు. వెనక ట్రైలరు ఎడమకు ఒకసారి, కుడికి ఒకసారి, మళ్ళీ ఎడమకు, ప్రతిసారీ ముందటికన్నా జాస్తిగా ఊగింది. మా ఆవిడ మనవరాలిని గట్టిగా పట్టుకుంది. అల్లుడు కాలి బ్రేకు తొక్కలేదు, స్టీరింగు కొట్టలేదు. యాక్సిలరేటరు వదిలి, చేతి దగ్గరున్న ట్రైలరు బ్రేకు మాత్రం మెల్లగా నొక్కినాడు. అది సరి అయింది. ఆ నిమిషం అతని తెలివే మమ్మల్ని కాపాడింది. నా సలహా కాదు.

తరువాత వచ్చిన ట్రక్ స్టాపులో లారీలు తూచే కాటా ఉంది. తూచినాము. ట్రైలరు సుమారు 7,000 పౌండ్లు. తలుపు తెరిచి స్టిక్కరు చూసినాను: 1,480 పౌండ్లు. అక్కడే బల్ల మీద కాగితం పెట్టి పాత అలవాటుతో రాసినాను.

హిచ్ మీద పడే బరువు 13 శాతం లెక్కన: 910.
ఆరుగురు మనుషులు: 650.
హిచ్ ఇనుము: 90.
వెనక వేసిన జనరేటరు, ఐస్ పెట్టె, సైకిళ్ళు, కట్టెలు: 200.
మొత్తం: 1,850.

సుమారు 370 పౌండ్లు జాస్తి. అంటే 168 కిలోలు. లాగే లెక్కలో 4,000 మిగులు ఉన్న బండి, మోసే లెక్కలో ఎప్పుడో దాటిపోయింది. ఇంకొక మాట. ఆ 650లో నేనూ మా ఆవిడా కలిపి 310. మేము ఎక్కకుండా, కొన్ని కట్టెలు దించివుంటే ఆ బండి హద్దులోనే ఉండేది. "ఇదే చాలు" అని చెప్పినవాడే ఆ అదనపు బరువు.

ఊగడానికి అదొక్కటే కారణమని నేననను. గాలి ఉంది, వేగం ఉంది. కానీ హద్దు మీరిన బండికి గాలిని తట్టుకునే మిగులు ఉండదు. మూలిగే నక్క మీద తాటిపండు పడ్డట్టు అవుతుంది. అక్కడే నీళ్ళ ట్యాంకు ఖాళీ చేసినాము. 40 గ్యాలన్ల నీళ్ళంటే 330 పౌండ్లు. కాన్యన్ లోపలికి దిగే రోడ్డు 10 శాతం వాలు. ట్రైలరును పైనే క్యాంపులో వదిలి, ట్రక్కులో మాత్రం దిగినాము.

రైల్వేలో నేను నేర్చుకున్న మొదటి పాఠం ఇదే. బాక్సెన్ వ్యాగను ఖాళీ బరువు 22.47 టన్నులు. ఒక్కో యాక్సిలు మీద 20.32 టన్నులు, నాలుగింటికి 81.28. తీసివేస్తే సరుకుకు మిగిలేది 58.81. ముందర ఎంత పెద్ద ఇంజను కట్టినా వ్యాగను మోసే లెక్క మారదు. దాటించిన వ్యాపారికి జుల్మానా వేసేవాళ్ళం. ఇంకా చెప్పాలంటే, గూడ్సు బండి కదిలే ముందు బ్రేక్ పవర్ సర్టిఫికెట్ చేతికి రావాల. లాగే ఇంజను సిద్ధంగా ఉన్నా, బండి ఆగుతుందని కాగితం లేకపోతే బయలుదేరదు. ఇంతమందికి జుల్మానా రాసిన చేత్తో నా అల్లుడికి తప్పు సలహా ఇచ్చినాను.

ఇప్పుడు గ్రూపులో వచ్చిన వాదాలకు వస్తాను.

"వెనక ఎయిర్ బ్యాగులు కట్టిస్తే సరిపోతుంది" అని ఒక పెద్దాయన. ఎయిర్ బ్యాగు కుంగిన బండిని పైకి లేపుతుంది, చూడడానికి సమంగా ఉంటుంది. యాక్సిలు, టైర్లు, బ్రేకులు పాతవే కదా? స్టిక్కరు మీద అంకె మారదు. కుంగడం కనబడకుండా పోవడం ఇంకా ప్రమాదం.

"బరువు పంచే హిచ్ ఉంది కదా" అని ఇంకొకరు. మాకూ ఉండింది. అది మంచి సాధనమే, కొంత బరువును ముందు చక్రాలకూ ట్రైలరు చక్రాలకూ జరుపుతుంది. పెట్టుకోండి. దాన్ని చూపించి స్టిక్కరు దాటడానికి లైసెన్సు అనుకోవద్దండి.

"అక్కడ అందరూ హాఫ్ టన్‌తోనే లాగుతున్నారు" అని మూడో మాట. మన ఊళ్ళలో అందరూ మినీ లారీలో రెండింతలు ఎక్కిస్తున్నారు, అది సరి అయిందా? లాగే వాళ్ళలో ఇద్దరే పోయేవాళ్ళు ఎందరు, చిన్న ట్రైలరు వాళ్ళు ఎందరు, మనకేమి తెలుసు?

ఇక గౌరవం వర్గానికి కూడా చెప్పాల. హెవీ డ్యూటీ కొంటే అయిపోయిందని అనుకోవద్దండి. త్రీ క్వార్టర్ టన్‌లో డీజిల్ ఇంజను చాలా బరువు. మొత్తం హద్దు 10,000 పౌండ్ల దగ్గర కట్టేసిన బండ్లలో ఆ ఇంజను బరువే పేలోడును తినేస్తుంది. కొన్నిట్లో మంచి హాఫ్ టన్ కన్నా పెద్దగా మిగలదు. అదే బండి పెట్రోలు ఇంజనుతో జాస్తి మోస్తుంది. హాఫ్ టన్‌లోనూ అంతే: గాజు పైకప్పు, తోలు సీట్లు, పెద్ద క్యాబిను, ఫోర్ వీల్ డ్రైవు అన్నీ ఎక్కిన ఖరీదైన రకం, సాదా రకం కన్నా తక్కువ మోస్తుంది. ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీ మోత అని ఊరికే అన్నారా? పైగా పెద్ద బండి ఖాళీగా పోయేటప్పుడు కుదుపు జాస్తి. కొన్ని గ్యారేజీల్లో పట్టదు. ఎంత ఆయిలు తాగుతుందో తెలిపే ప్రభుత్వ మైలేజీ చీటీ కూడా 8,500 పౌండ్ల హద్దు దాటిన పికప్పులకు ఉండదు. ఏడాదికి రెండుసార్లు చిన్న ట్రైలరు లాగే నలుగురి ఇంటికి అది నిజంగానే దండగ.

కాబట్టి నా మాట ఇది. బండి ముందు కాదు, బరువు ముందు. ట్రైలరు ఏదో తేల్చుకోండి. కంపెనీ చెప్పే ఖాళీ బరువు వద్దు, నిండుగా ఉండగల గరిష్ఠ బరువు తీసుకోండి. దానిలో 13 నుంచి 15 శాతం రాయండి. ఎక్కే ప్రతి మనిషి బరువూ రాయండి, వేసవికి పోయే మన బరువు కూడా. సామాను, హిచ్ కలపండి. ఆ మొత్తం కన్నా స్టిక్కరు అంకె పెద్దగా ఉన్న బండి కొనండి, అది హాఫ్ టన్ అయితే హాఫ్ టన్, హెవీ డ్యూటీ అయితే హెవీ డ్యూటీ. నిండుగా 7,000 పౌండ్ల ట్రైలరు, ఆరుగురు మనుషులు అయితే చాలా హాఫ్ టన్ బండ్లు ఆ లెక్కలో నిలబడవు. అప్పుడు పెద్దది కొనడం దండగ కాదు, చిన్న ట్రైలరు తీసుకోవడం పరువు తక్కువా కాదు. రెండింట్లో ఒకటి చేయాల.

మా అల్లుడు ఈ ఏడు పెట్రోలు ఇంజను త్రీ క్వార్టర్ టన్‌కు మారినాడు. స్టిక్కరు 3,000 దాటింది. ఈసారి నన్ను అడగలేదు. అది నాకు తగిన శాస్తే.

ఫోటో పెట్టిన సభ్యుడికి చేతులెత్తి చెప్తున్నాను, ఇది మీ కొడుకును తప్పు పట్టడం కాదు. ఈ రోజు రాత్రే ఫోన్ చేయండి. బాగున్నావా, తిన్నావా అని అడిగినాక, "నాయనా, డ్రైవరు తలుపు తెరిచి ఆ చీటీ ఫోటో తీసి పంపు" అని అడగండి. తరువాత మీ ఇద్దరి బరువు తూచి అతనికి చెప్పండి. ఆ లెక్కను గ్రూపులో పెడితే, ట్రక్కు ఫోటో కన్నా దానికే నేను ముందు లైకు కొడతాను.

ఇట్లు,
మీలో ఒకడు, రిటైర్డ్ గూడ్స్ క్లర్కు