ఎత్తు సరే, రైలేదీ?

మా టీంలో ఒకతను కోకాపేటలో ముప్ఫై రెండో అంతస్తులో ఫ్లాట్ బుక్ చేశాడు. పార్టీలో "ఆఫీసుకి ఎలా వస్తావ్ బాసూ?" అని అడిగా. "అదే, ఇక రెండో కారు కొనాలి" అన్నాడు. మొగుడూ పెళ్ళాం ఇద్దరూ ఉద్యోగస్తులే మరి!

ఊరు అడ్డంగా కాదు, ఎత్తుగా పెరగాలని అందరితో వాదించేవాళ్ళలో నేనూ ఒకణ్ణి. పెరుగుతోంది కూడా. కానీ ఎక్కడ? 2006 లో జీవో 86 తో హైదరాబాదులో ఎఫ్ఎస్ఐ పరిమితి, అంటే స్థలానికి ఎన్ని రెట్లు కట్టొచ్చనే లెక్క, ఎత్తేశారు. ఆ తర్వాత ఎంత ఎత్తన్నది ప్రధానంగా ముందున్న రోడ్డు వెడల్పు, స్థలం సైజు, చుట్టూ వదిలే ఖాళీని బట్టే. అందులో రోడ్డుకున్న విలువ రైలు స్టేషనుకి లేదు. వెడల్పాటి కొత్త రోడ్లేమో ఔటర్ రింగు రోడ్డు వైపున్నాయి. ఇంకేం, టవర్లన్నీ అటే! 2017 నవంబరులో మొదలైన మెట్రో 2019 నవంబరుకి రాయదుర్గం చేరి అక్కడే ఆగింది.

నేను రోజూ ఉప్పల్లో ఎక్కి రాయదుర్గంలో దిగుతా (అక్కణ్ణుంచి నానక్‌రామ్‌గూడకి షేర్ ఆటో, ఆ బాధ వేరే). హబ్సిగూడ, తార్నాక, మెట్టుగూడ... కిటికీలోంచి చూస్తే ఎక్కువగా కనిపించేవి మూడు నాలుగంతస్తుల ఇళ్ళే. రైలున్న చోట జనం పల్చగా, జనాన్ని పేర్చిన చోట రైలు లేకుండా... ఇదేం డిజైనండీ?

హాంకాంగులో రైలు నడిపే ఎంటీఆర్ సంస్థే స్టేషన్ల మీద, డిపోల మీద అపార్ట్‌మెంట్లు కట్టిస్తుంది. ఆ ఆదాయం రైలు మార్గాల ఖర్చుకి పనికొస్తుంది. మన మెట్రో స్థలాల్లో పంజగుట్ట, ఎర్రమంజిల్, హైటెక్ సిటీల్లో మాల్స్ వచ్చాయి. సినిమాకి రైల్లో పోవచ్చు, ఇంటికి మాత్రం కారే!

"తార్నాకలో పదంతస్తులు లేపితే డ్రైనేజీ ఎవరు చూస్తార్రా?" అన్నారు మా నాన్న. న్యాయమైన ప్రశ్నే. కానీ కొత్త ఏరియాకైనా పైపులన్నీ కొత్తగా వెయ్యాల్సిందే కదా? ఆ డబ్బుతో ఇక్కడి పాతవి మార్చొచ్చు.

ఇదంతా ఇప్పుడెందుకంటే, నాకూ లోన్ శాంక్షన్ అయింది. ఇరవయ్యేళ్ళ ఈఎంఐ. కోకాపేటలో కొంటే దానితో పాటు ఇరవయ్యేళ్ళు పెట్రోలు కూడా. మొన్న ఆదివారం హబ్సిగూడలో ఒక పాత టూ బెడ్‌రూమ్ చూసొచ్చాం. స్టేషను ఐదు నిమిషాల నడక. లిఫ్టు లేదు, మూడో అంతస్తు. మా ఆవిడ ఇంకా ఏమీ తేల్చలేదు.