పినాంగులో ఎనిమిది గంటలు

ఓడ ఆగి కదిలేలోగా ఒక ఊరు చూడటమంటే, పెళ్ళివారింటికి వెళ్ళి తాంబూలం పుచ్చుకుని వచ్చెయ్యటం లాంటిది. పెళ్ళి చూశామనీ అనలేం, చూడలేదనీ అనలేం. సింగపూరులో ఎక్కిన విహారనౌక పొద్దున్న 8 గంటలకు మమ్మల్ని పినాంగు రేవులో దింపింది. సాయంత్రం 4 గంటలకల్లా తిరిగి ఎక్కాలిట. ఆలస్యమైన వారి కోసం ఓడ ఆగదని ముందు రాత్రి నుంచీ మైకులో చెబుతూనే వున్నారు. ఆ మాట విన్న దగ్గర్నుంచీ మా ఆవిడ చేతిగడియారం చూసుకోవటం మొదలుపెట్టింది.

మా బావమరిది కుటుంబం ఓడవాళ్ళ బస్సులో పినాంగు కొండకు పోయారు. అక్కడ కొండ మీదికి పాకే రైలు వుంది. మంచిదే. కాని దానికి సగం రోజు ఖర్చవుతుంది. కొండకేం, సింహాచలం ఎక్కుతూనే వున్నాం గదా అని మేమిద్దరం కాలినడకన బయలుదేరాం. ఒక్కరోజు మజిలీలో అరడజను చోట్లు మొక్కుబడిగా చూసేకన్నా ఒక్క వీధి నింపాదిగా చూడటం మేలని నా అభిప్రాయం. మీకు కొండే కావాలంటే అడ్డు చెప్పను.

రేవు దాటగానే గడియారపు స్తంభం కనిపిస్తుంది. విక్టోరియా రాణి ఏలుబడికి అరవయ్యేళ్ళు నిండినందుకు, ఏడాదికొక అడుగు లెక్కన 60 అడుగుల ఎత్తు కట్టించాడొక చీనా ధనికుడు. రెండో ప్రపంచయుద్ధంలో బాంబులు పడి కాస్త ఒరిగింది. దాని ఎదురుగానే కారన్‌వాలిస్ కోట. 1786లో ఫ్రాన్సిస్ లైట్ అనే ఇంగ్లీషువాడు ఇక్కడ దిగేసరికి అంతా అడవేనట. కొట్టడానికి కూలీలు ముందుకు రాకపోతే, ఫిరంగిలో వెండి నాణేలు కూరి అడవిలోకి పేల్చాడని కథ చెబుతారు. నాణేల కోసం జనం పొదలన్నీ నరికేశారట. "మన పెరడు బాగుచేయించటానికి మీకీ ఉపాయం తోచలేదేం?" అన్నది మా ఆవిడ.

ఇక నేను చూడాలనుకున్న వీధి. పూర్వం పిట్ వీధి అనేవారు. ఈ చివర 1818 నాటి సెయింట్ జార్జి చర్చి. కాస్త దూరంలో చీనావారి క్వాన్‌యిన్ దేవత గుడి, కళ్ళు మండేటంత అగరు పొగ. ఆ తరువాత 1833 నాటి మహామారియమ్మన్ కోవెల, దాని వీపు ఈ వీధికీ ముఖం పక్క వీధికీ. ఇంకొంచెం నడిస్తే పెద్ద గుమ్మటంతో మసీదు. అన్నీ పది నిమిషాల నడకలోనే. 2008లో యునెస్కోవారు ఈ పాతపట్నాన్ని మలక్కాతో కలిపి ప్రపంచ వారసత్వాల పట్టీలో చేర్చారు.

ఆ మసీదు పేరు కాపితాన్ కెలింగ్ మసీదు. ఇప్పుడు వీధి పేరు కూడా అదే. 1801 ప్రాంతంలో దక్షిణ భారతం నుంచి వచ్చిన ముస్లిం వర్తకులు నెలకొల్పినది. కాపితాన్ అంటే కులపెద్ద వంటి హోదా. కెలింగ్ అన్నమాట కళింగం నుంచి వచ్చిందని పండితులు చెబుతారు. మాది శ్రీకాకుళం జిల్లా, కళింగపట్నం రేవుకు కూతవేటు దూరం. సముద్రం ఇవతల పలకమీద మా సీమ పేరు చదివి ఛాతీ కాస్త పొంగిందంటే నవ్వకండి. ఆ పొంగు పక్కనున్న టీకొట్టు దాకానే నిలిచింది. "మసీదుకు ఆ పేరు సరే గాని, మనిషిని ఆ మాటతో పిలవకండి. ఇక్కడది తిట్టు" అని కొట్టతను మెల్లగా చెప్పాడు. వర్తకుడి పేరుగా వచ్చిన మాట కూలివాడి పేరై, చివరికి తిట్టయింది.

మధ్యాహ్నం భోజనం లిటిల్ ఇండియాలో అరిటాకు మీద. ఈ ఊళ్ళో పేరుపడ్డ నాసికందర్ మాంసాహారం గనక మేము ముట్టలేదు. కందర్ అంటే మన కావడిబద్దేనట, పూర్వం తమిళ ముస్లిములు అన్నమూ కూరలూ కావడిలో మోసుకు తిరిగి అమ్మేవారు.

భోజనమయ్యాక మా ఆవిడ పూలకొట్టు దగ్గర తమిళంలో తంటాలు పడుతూ, "ఈవిడకేం అర్థం కావటంలేదండీ" అని నాతో అన్నది. కొట్టులోని ముసలావిడ చెయ్యి ఆగిపోయింది.

"తెలుగోళ్ళా బాబూ? ఏ ఊరు మీది?"

చెప్పాను. ఆవిడ పుట్టింది పేరా రాష్ట్రంలో, బాగాన్ దాతో దగ్గర కొబ్బరితోటలో. తాతని కంగాణీ తీసుకొచ్చాట్ట. మనుమడు ఫోనులో ఎక్కించిన ఒక కాగితం ఫొటో చూపించింది. గంజాం జిల్లా అని వుంది. గ్రామం దగ్గర మడత పడి చిరిగింది. మొదట 'బొడ్డ' అన్నంత వరకే తెలుస్తున్నది.

"అక్కడ మావోళ్ళు ఎవరన్నా వున్నారేటో బాబూ, తెలిస్తే ఒక్కసారి చూసొస్తాను" అన్నది.

ఓడల్లో వచ్చిన కూలీలను ఆ రోజుల్లో ఈ ఊరికి దక్షిణాన జెరెజాక్ దీవిలో దింపి, రోగాలేవీ లేవని తేలాకే తోటలకు పంపేవారు. రజులా అనే ఓడ 1926 నుంచి 1973 దాకా మద్రాసు, నాగపట్నాల నుంచి వేలమందిని డెక్కుమీదే ఇటు చేరవేసింది. మా ఓడలో డెక్కుమీద ఈతకొలను వుంది.

మూడున్నర అయింది. మా ఆవిడ గడియారం చూడటం మానేసి ఆవిడ పక్కన పీటమీద కూచుంది. నేను ఆ అక్షరాలూ ఇంటిపేరూ పుస్తకంలో రాసుకున్నాను. పూలకు డబ్బు పుచ్చుకోలేదావిడ. గబగబా నడిచి నాలుగుకు అయిదు నిమిషాల ముందు నిచ్చెన ఎక్కాం.

గంజాం అని వుంది గనక అది 1936కు ముందటి కాగితం. ఆ ఏడాదే మన వైపు తాలూకాలు విశాఖపట్నం జిల్లాలో కలిశాయి, 1950లో శ్రీకాకుళం జిల్లా అయింది. పలాస దగ్గర బొడ్డపాడు వుంది. అదేనో, ఆ పేరుతో మొదలయ్యే మరో ఊరో తేలలేదు. టెక్కలి, సోంపేట, పలాస వైపు పాఠకుల్లో ఎవరైనా, తమ ఇంటినుంచి మలయా తోటలకు వెళ్ళి తిరిగిరాని మనిషి మాట పెద్దల నోట వినివుంటే పత్రికకు నాలుగు ముక్కలు రాయండి. ఇంటిపేరు ఇక్కడ అచ్చువేయను. రాసినవారికి చెబుతాను.