జున్ను ఎవరి సొత్తు?

మొన్నామధ్య ఓ ఆదివారం పొద్దున్నే, మాకు పాలు పోసే ఆవిడ వాడుక పాలతోపాటు ఓ చిన్న గిన్నె కూడా గుమ్మంలో పెట్టింది. "రాత్రి గేదె ఈనిందమ్మా. మొదటి పాలు. మీకోసం విడిగా దాచి తెచ్చా" అంది. నా సంతోషం ఇంతా అంతా కాదు. బెల్లం, మిరియాల పొడి, యాలకులు వేసి ఆవిరి మీద పెడితే ఇల్లంతా ఘుమఘుమలే. బెజవాడలో అసలైన జున్ను దొరకడమంటే మాటలా మరి!

"పెయ్యా, దున్నా?" అని మాటవరసకి అడిగాను.

"దున్నేనమ్మా. బతకదులే" అంది చాలా మామూలుగా.

పుట్టి పట్టుమని పది గంటలు కాలేదు. జబ్బూ లేదు, జ్వరమూ లేదు. బతకదని అప్పుడే ఎలా తెలిసింది? ఆ ప్రశ్న రోజంతా నన్ను తొలుస్తూనే ఉంది. అలాగని జున్ను తినలేదా అంటే, తిన్నాను. అబద్ధమెందుకు? కానీ ఎప్పటిలా గొంతు దిగలేదు.

మా పుట్టిల్లు గుడివాడ దగ్గర పల్లెటూరు. గొడ్ల చావిడి పక్కనే పెరిగినదాన్ని. గేదె చేపడం కోసం దూడను విడవడం, అది నాలుగు గుక్కలు తాగిందో లేదో నోటి నురగతో సహా లాగి గుంజకు కట్టెయ్యడం రోజూ చూసిందే. దున్నదూడ అయితే ఆ నాలుగు గుక్కలు కాస్తా రెండయ్యేవి. నెల తిరిగేసరికి ఎముకల గూడు. అది పోతే, తోలులో గడ్డి కూరి గేదె ముందు నిలబెట్టేవారు. పిచ్చిది, దాన్నే నాకుతూ పాలిచ్చేది. చిన్నప్పుడు అదేదో వింతలా చూసేదాన్ని. ఇద్దరు పిల్లల తల్లినయ్యాక తలుచుకుంటే ఇప్పటికీ కడుపులో దేవుతుంది.

నా మొదటి కాన్పప్పుడు మా అత్తగారి తరఫు పెద్దావిడ ఒకరు "ముర్రుపాలు మంచివి కావే, పిండి పారబొయ్యి" అన్నారు. నర్సు కోప్పడబట్టి మా పెద్దవాడికి ఆ పాలు దక్కాయి. అదే పెద్దావిడ గేదె ఈనితే గిన్నె పట్టుకుని ముందుండేవారు! మనిషి ముర్రుపాలు నేలపాలు, గేదె ముర్రుపాలు మన పాలు. ఎటు తిరిగీ నోరు లేని పసిదానికే అన్యాయం.

ఇంకో చిత్రం చూడండి. ఇంట్లో ఆడపిల్ల పుడితే మొహం ముడుచుకునేవాళ్ళే, చావిడిలో పెయ్య పుడితే పండగ చేసుకుంటారు. పుట్టిన ప్రాణాన్ని రాబడితో కొలిచే బుద్ధి మాత్రం రెండుచోట్లా ఒకటే.

పశువైద్యం చదివిన మా పిన్ని కొడుకుని అడిగితే ఓపిగ్గా చెప్పాడు. మన పిల్లలకు రోగాన్ని తట్టుకునే శక్తి కొంత కడుపులో ఉండగానే మాయ ద్వారా చేరుతుంది. గేదెకీ ఆవుకీ ఆ ఏర్పాటు లేదు. దూడకు రక్షణంతా ముర్రుపాలలోనే. దాని పేగులు ఆ రక్షక పదార్థాలను ఉన్నవి ఉన్నట్టుగా రక్తంలోకి పంపగలిగేది మొదటి 24 గంటలే. అదీ గంటగంటకూ తగ్గిపోతూంటుంది. అందుకే పుట్టిన గంటా రెండు గంటల్లో తాగించడం మొదలుపెట్టాలి. మొదటి రోజు దాని బరువులో పదో వంతు అందాలి. 30 కిలోల దూడకు 3 లీటర్లన్నమాట. నేను తిన్న గిన్నెడు జున్ను ఎక్కడిదో ఇప్పుడు అర్థమైందా?

ఆ తర్వాత కూడా కొన్ని వారాలు పాలే దాని ప్రాణం. గడ్డిని అరిగించే పెద్ద పొట్ట పుట్టినప్పుడు చిన్న సంచిలా ఉంటుంది. తాగిన పాలు దాన్ని తప్పించుకుని తిన్నగా నాలుగో పొట్టకు వెళ్ళి, అక్కడ గడ్డకట్టి మెల్లిగా అరుగుతాయి. రెండో వారం నుంచి కాస్త దాణా, లేత గడ్డి, మంచినీళ్ళు అలవాటు చేస్తే పెద్ద పొట్టలో సూక్ష్మజీవులు చేరి, తిన్నదాన్ని పులియబెట్టి, దాన్ని ఎదిగేలా చేస్తాయి. అంతేగానీ పది రోజులకే పాలు ఆపేసి గడ్డిపరక వేస్తే ఏం అరిగించుకుంటుంది?

పాలవల్లే పారుకుంటోందని మాన్పించేవాళ్ళూ ఉన్నారు. మురికి గిన్నెలో పట్టినా, ఆకలితో మాడ్చి ఒక్కసారే కడుపునిండా పట్టినా పారుకుంటుంది. తప్పు పాలది కాదు. గేదెదూడలకు తల్లిపాల ద్వారా ఏలికపాములు వచ్చే మాట నిజమే. దానికి 10–15 రోజుల వయసులో డాక్టరునడిగి మందు పట్టించాలి గానీ పాలు ఆపడమేమిటి? విరేచనాలైన పిల్లాడికి తల్లిపాలు ఆపకుండా మధ్యమధ్యలో ఓఆర్ఎస్ పట్టమనేగా మనకీ చెబుతున్నారు!

అమెరికాలో కార్నెల్ యూనివర్సిటీ వాళ్ళు 2012లో ఒక లెక్క తేల్చారు. పాలు మానకముందు దూడ రోజువారీ పెరుగుదలలో ఒక కిలో తేడా ఉంటే, తొలి ఈతలో దాదాపు 850 కిలోల పాల తేడా కనిపించిందట. అవి ఆవులు, మనవి గేదెలు. అంకె అదే కాకపోవచ్చు. కానీ కడుపు మాడిన పెయ్య ఆలస్యంగా ఎదకొస్తుందని మా ఊళ్ళో ఏ రైతునడిగినా చెబుతాడు.

ఇవన్నీ మా పాలావిడకి చెబితే నవ్వింది. "దూడకి రెండు లీటర్లు వదిలితే దాణా బాకీ ఎవరు తీరుస్తారమ్మా?" అంది. ఆమెను తప్పుపట్టే హక్కు నాకెక్కడిది? సెంటు భూమి లేని మనిషి. జనుమూ పిల్లిపెసరా కూడా కొనుక్కోవాల్సిందే. అసలు ఆమెను తొందరపెడుతున్నది నా గిన్నే!

అందుకే ఆ గిన్నె దగ్గరే మొదలుపెడదాం. మొదటి రోజు జున్నుపాలు అడగొద్దు. ఆ నాలుగైదు రోజుల పాలు కాస్తే విరిగిపోతాయి గనక పాలకేంద్రంలో ఎలాగూ పట్టరు. రెండో రోజో మూడో రోజో, దూడ కడుపు నిండాక మిగిలినవి తీసుకుందాం. జున్ను కాస్త పల్చగా వస్తుంది, అంతేగా? డబ్బు మాత్రం మొదటి రోజు ధరే ఇద్దాం. దున్న అయినా సరే, దూడ బతికుంటే గేదె దానంతటదే చేపుతుంది. పాలకోసం సూదులు పొడిచే పని ఉండదు. పశువుకు హాని చేసే అలాంటి ఇంజక్షన్లు 1960 నాటి జంతుహింస నివారణ చట్టం ప్రకారం నేరం కూడాను.

"మూడో రోజు పాలకీ అదే ధరిస్తానంటే నాకేం బాధమ్మా!" అంది ఆవిడ. ఆ దున్నదూడ ఎలా ఉందని అడిగాను.

"పోయిందమ్మా, మొన్న గురువారం."

ఆవిడ రెండో గేదె సంక్రాంతికి ఈనుతుందట. ఆ గిన్నె మా వంటింట్లోనే ఉంది. ఈసారి మూడో రోజు దాకా దాన్ని గుమ్మం దాటనివ్వను. మరి మీరో?